గాలివానకు కప్పు లేచిందా? విరిగిన రేకును పారేయకండి!

ఇంటి బీమా ఉన్న రైతు మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలి? సర్వేయరుకు ఏం చూపాలి? కంపెనీ కాదంటే ఎవరికి చెప్పుకోవాలి?

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. అప్పటికి డెల్టాలో వరి కోతల కాలం. కోసిన పనలు కొన్ని చేలల్లో, కోయని చేలు కొన్ని నీళ్ళల్లో. వాన వెలియగానే రైతన్నవాడు ఎవరైనా ముందు పొలానికే పరిగెత్తుతాడు. ఇంటి కప్పు సంగతి రెండోది. ఇల్లాలు పిల్లల్ని పక్కింటి డాబాలోకి చేర్చి, ఉన్న టార్పాలిన్ పట్టా పైన కప్పించి, విరిగిన రేకుల్ని ఓ పక్కకు నెట్టిస్తుంది. నాలుగు రోజులకు మేస్త్రి వస్తాడు, కొత్త రేకులు పడతాయి, పాత ముక్కలు డొంకలో గుంట పూడ్చడానికి పోతాయి.

రేపల్లె వైపు ఒక ఊళ్ళో ఎకరంన్నర రైతు ఒకాయన ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పేరు రాయవద్దన్నాడు. పద్నాలుగు రేకులు పోయాయి. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కప్పు వేయించుకున్నాడు. నాలుగు నెలల తరువాత పాసుపుస్తకం ప్రింటు వేయించుకోవడానికి బ్యాంకుకు వెళితే, అందులో ఒక వరుసలో 'ఇన్సూరెన్సు' అని కొంత సొమ్ము తగ్గించినట్టు ఉంది. ఏమిటని అడిగాడు.

“మీరు ఇంటికి అప్పు తీసుకున్నారు కదండీ. ఆ ఇంటికి బీమా. ఏటా మీ ఖాతాలోంచే కడుతున్నాం” అన్నారట కౌంటరులో.

“మరి నా కప్పు లేచిపోయింది కదండీ, ఆ డబ్బు రాదా?”

“అప్పుడే చెప్పాల్సింది కదండీ!”

ఆ తరువాత దరఖాస్తు పెట్టాడు. ఫొటో లేదు. విరిగిన రేకు లేదు. కొన్న కొత్త రేకులకు బిల్లు లేదు. నాలుగు నెలలు ఎందుకు ఆగావంటే చెప్పడానికి జవాబు లేదు. కంపెనీ కుదరదని రాసింది. ప్రీమియం కట్టాడు, నష్టం నిజంగానే జరిగింది, అయినా రూపాయి రాలేదు. ఆయన పోగొట్టుకున్నది మొదటి రెండు రోజుల్లోనే.

అందుకే ఈ వారం ఈ సంగతి వివరంగా రాస్తున్నాం. మన తీరానికి గాలివాన కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను, 1990 మే 9 నాటి తుపానును పెద్దలు ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. మళ్ళీ రాదని ఎవరూ అనలేరు. వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే మేలు.

ముందుగా: మీకు బీమా ఉందో లేదో చూసుకోండి

పంట బీమా వేరు, ఇంటి బీమా వేరు. పంటకు కట్టిన ప్రీమియంతో ఇంటి కప్పుకు పైసా రాదు. చాలామంది రైతులు ఇక్కడే పొరపడుతున్నారు.

ఇల్లు కట్టుకోవడానికో, బాగుచేసుకోవడానికో బ్యాంకులో గానీ, సహకార సంఘంలో గానీ అప్పు తీసుకున్నవారు ఒకసారి పాసుపుస్తకం తిరగేయండి. ఏడాదికోసారి బీమా పేరుతో సొమ్ము తగ్గిందేమో చూడండి. తగ్గి ఉంటే పాలసీ కాగితం నకలు అడిగి తెచ్చుకోండి. అది అడగడం మీ హక్కు. అయితే కొన్ని అప్పులతోపాటు ఇచ్చేది జీవిత బీమా మాత్రమే. అది మనిషికి, ఇంటికి కాదు. కాగితం మీద మీ ఇంటి చిరునామా, బీమా మొత్తం, గడువు తేదీ ఉన్నాయో లేదో చూసి నిర్ధారించుకోండి.

బీమా లేనివారు కొత్తగా తీసుకోవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే రకం పాలసీని ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఏర్పాటు చేసింది. కంపెనీ ఏదైనా ముఖ్యమైన షరతులు ఒకటే. అగ్ని ప్రమాదం, తుపాను, గాలివాన, వరద, ముంపు, భూకంపం, పిడుగు వంటివి ఇందులోకి వస్తాయి. కొబ్బరిచెట్టో, తాడిచెట్టో, పక్కింటి గోడో విరిగి మీ కప్పు మీద పడినా వర్తిస్తుంది. ఇంటికి బీమా చేస్తే ఇంట్లో సామానుకు కూడా, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షల రూపాయలు మించకుండా, దానంతట అదే బీమా వస్తుంది.

పక్కా ఇంటికయితే ఏడాది ప్రీమియం మామూలుగా వందల్లోనే ఉంటుంది, వేలల్లో కాదు. రెండు మూడు కంపెనీల్లో అడిగి చూడండి. తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ కప్పు ఉన్నవాటిని కంపెనీలు కచ్చా ఇళ్ళ కింద లెక్కగడతాయి. వాటికి రేటు వేరుగా ఉంటుంది. రేటు తగ్గుతుందని కచ్చా కప్పును పక్కా అని రాయించవద్దు. రేపు సర్వేయరు వచ్చి చూసేది ఆ కప్పునే.

తుపాను హెచ్చరిక రేడియోలో విన్నాక బీమా కోసం పరిగెత్తి లాభం లేదు. ప్రీమియం కట్టి పాలసీ మొదలైన తరువాత జరిగిన నష్టానికే డబ్బు వస్తుంది. మన తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం. దానికి ముందే ఆ పని చూసుకోవాలి.

ఎంతకు బీమా చేయాలి?

స్థలం ఖరీదు కలపకూడదు. స్థలాన్ని గాలి ఎత్తుకుపోదు కదా! ఇల్లు ఈ రోజు మళ్ళీ కట్టాలంటే ఎంత అవుతుందో అదే లెక్క. ఉదాహరణకు 600 చదరపు అడుగుల ఇంటికి, అడుగుకు 1,500 రూపాయలు అవుతుందని మీ ఊరి మేస్త్రి చెబితే, 9 లక్షలు.

తక్కువకు చేస్తే ఏమవుతుంది? పాత తరహా పాలసీల్లో ఒక మెలిక ఉంది. 10 లక్షల ఇంటిని 5 లక్షలకే బీమా చేశారనుకోండి. కప్పుకు లక్ష రూపాయల నష్టం జరిగింది. ఇల్లు సగానికే బీమా చేశారు గనుక నష్టంలో సగమే, అంటే 50 వేలే ఇస్తామని కంపెనీ అంటుంది. భారత్ గృహ రక్షలో ఇంటికి ఈ కోత తీసేశారు. బీమా మొత్తం దాటకుండా, బాగుచేయడానికి న్యాయంగా అయ్యే ఖర్చు ఇవ్వాలి. మీ పాలసీ ఏ రకమో చూసుకోవాల్సింది ఇందుకే.

గొడ్ల చావిడి, వంటపాక ఇంటికి విడిగా ఉంటే వాటిని కూడా పాలసీలో విడిగా రాయించుకోండి. కాగితం మీద లేని పాకకు డబ్బు అడగలేరు. అమ్మకానికి నిల్వ చేసిన ధాన్యం బస్తాలు, మినుముల బస్తాలు ఇంటి సామాను కిందకు రావు. వాటి సంగతి కంపెనీని ముందే అడగండి.

మొదటి రోజు: ప్రాణం ముందు, ఫొటో తరువాత, మరమ్మతు ఆ తరువాత

గాలి తగ్గగానే కప్పు ఎక్కవద్దు. కరెంటు తీగ తెగి పడిందేమో చూడండి, మెయిన్ ఆపండి. తడిసిన సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెడితే విరిగి లోపలికి పడతారు. ఎక్కక తప్పకపోతే వాసాల మీదుగా చెక్క పరిచి దాని మీద నడవాలి. ఆస్‌బెస్టాస్ రేకు ముక్కల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిపి తీయండి. కోయవద్దు, పొడి చేయవద్దు.

తరువాత, ఏదీ కదపక ముందే ఫొటోలు తీయండి. ఇప్పుడు ఇంటికో సెల్‌ఫోన్ ఉంది గనుక ఇది కష్టం కాదు. ఏయే ఫొటోలు?

1. ఇంటి ముందు నుంచి మొత్తం ఇల్లు కనిపించేటట్టు ఒకటి. ఇంటి నంబరు కనబడితే మరీ మంచిది.
2. నాలుగు వైపుల నుంచి కప్పు.
3. లోపల నుంచి, ఆకాశం కనిపించే చోట్లు.
4. విరిగిన రేకులు, పెంకులు, వాసాలు ఎక్కడ పడ్డాయో అక్కడే.
5. చెట్టు పడితే, చెట్టు కప్పు మీద ఉండగానే.
6. తడిసిన మంచం, బీరువా, టీవీ, బట్టలు ఒక్కొక్కటిగా.
7. ఇరుగుపొరుగు ఇళ్ళకు, ఊళ్ళో కరెంటు స్తంభాలకు జరిగిన నష్టం కూడా రెండు ఫొటోలు. మీ ఒక్క ఇంటికే కాదు, ఊరంతా గాలి వీచిందని అవే చెబుతాయి.

ఫొటోలు ఫోనులో ఒక్కచోటే ఉంచితే ఫోను తడిసినా, పోయినా అంతే సంగతులు. ఆ రోజే మీ అబ్బాయికో, బావమరిదికో పంపి ఉంచండి.

ఇక అసలు మాట. విరిగిన రేకులు, పెంకులు, వంగిన జె-హుక్కులు, విరిగిన వాసాలు అన్నీ ఒక మూల పేర్చి ఉంచండి. సర్వేయరు చూసి వెళ్ళేదాకా పారేయవద్దు, గుంటలో వేయవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. చెత్తలా కనిపించే ఆ కుప్పే మీ సాక్ష్యం. ఎన్ని రేకులు పోయాయో మీరు చెబితే అది మాట, కుప్పలో లెక్కపెట్టి చూపిస్తే అది రుజువు.

అలాగని కంపెనీ మనిషి వచ్చేదాకా తడుస్తూ కూర్చోమని కాదు. నష్టం పెరగకుండా చూసుకోవడం కూడా పాలసీదారుడి బాధ్యతే. ఫొటోలు తీశాక టార్పాలిన్ కప్పండి, లేచిన రేకుకు తాడు కట్టండి, సామాను పొడిచోటికి మార్చండి. టార్పాలిన్‌కు, తాడుకు, కూలికి అయిన ఖర్చుకు బిల్లు, రశీదు దాచండి. పూర్తి మరమ్మతు మాత్రం సర్వేయరు చూశాకే మొదలుపెట్టండి. పిల్లలున్నారు, ఆగలేమంటే ఆ సంగతి కంపెనీకి రాసి, ఫొటోలు పంపి, ఆ తరువాత మొదలుపెట్టండి.

రెండో రోజు: కబురు, కాగితం

పాలసీ మీద కంపెనీ ఫోన్ నంబరు ఉంటుంది. వెంటనే ఫోన్ చేసి నష్టం చెప్పండి. వారు ఇచ్చే క్లెయిము నంబరు రాసుకోండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరితో మాట్లాడారో కూడా రాసుకోండి. ఫోనుతో సరిపెట్టుకోకుండా ఒక ఉత్తరం కూడా ఇవ్వండి. బ్యాంకు ద్వారా బీమా ఉంటే ఒక నకలు బ్యాంకు మేనేజరుకు ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాపీ లెక్కలోకి రాదు.

ఉత్తరం ఇలా రాయవచ్చు:

'మేనేజరు గారికి. నా పాలసీ నంబరు ........ . ఫలానా గ్రామం, ఫలానా మండలంలో ఇంటి నంబరు ........ గల నా ఇంటికి ........ తేదీన ........ గంటల ప్రాంతంలో వచ్చిన గాలివాన వల్ల నష్టం జరిగినది. పైకప్పు రేకులు ........ , వాసాలు ........ విరిగినవి. ఇంట్లో ........ సామాను తడిసి పాడైనది. నష్టం సుమారు ........ రూపాయలు ఉండవచ్చు. ఇది తొలి అంచనా మాత్రమే. ఇల్లు తడవకుండా తాత్కాలికంగా టార్పాలిన్ కప్పినాము. విరిగిన సామగ్రిని భద్రపరచినాము. ఫొటోలు జతపరచినాము. సర్వేయరును వెంటనే పంపగలరు. నా ఫోన్ నంబరు ........ . సంతకం, తేదీ.'

'ఇది తొలి అంచనా మాత్రమే' అన్న మాట మరచిపోవద్దు. తొందరలో తక్కువ రాస్తే తరువాత ఆ అంకెకే కట్టుబడమంటారు.

భారత్ గృహ రక్షలో నష్టం మొదట తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోపు క్లెయిము పత్రం నింపి ఇవ్వాలి. అంటే 30 రోజులు కూర్చోవచ్చని కాదు. కబురు ఆ రోజే చెప్పాలి, పత్రం ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది.

ఏయే కాగితాలు దగ్గర ఉంచుకోవాలి?

పాలసీ నకలు. ఆధార్. బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ. ఇల్లు మీదేనని చూపే కాగితం. గ్రామకంఠంలో ఉన్న పాత ఇళ్ళకు దస్తావేజు ఉండదు. అలాంటివారు ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు పెట్టాలి. తండ్రి పేరు మీద పన్ను రశీదు, కొడుకు పేరు మీద పాలసీ ఉంటే చిక్కు వస్తుంది. ఇంటి యజమాని కాలం చేసి ఉంటే ఆ సంగతి నష్టం జరగక ముందే కంపెనీకి రాసి, పేరు మార్పించుకోండి.

గాలివాన వచ్చిందనడానికి మీ ఊరి వీఆర్వో గారు రాసిచ్చిన పత్రం గానీ, తాసిల్దారు కార్యాలయ పత్రం గానీ ఉపయోగపడుతుంది. ఆ రోజు పేపరు కటింగు దాచుకోండి. బాపట్లలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. ఏ రోజు ఎంత గాలి, ఎంత వాన అనే లెక్క ఆ శాఖ దగ్గర ఉంటుంది. గాలే లేదని ఎవరైనా వాదిస్తే ఆ లెక్కను చూపించమని అడగవచ్చు.

ఎస్టిమేటు మేస్త్రి చేత రాయించండి. 'కప్పు మరమ్మతు మొత్తం ఇంత' అని ఒక్క ముక్కలో రాస్తే సర్వేయరు తనకు తోచినంత కోస్తాడు. విడివిడిగా రాయించాలి. ఉదాహరణకు: 3 మీటర్ల రేకులు 14, కొప్పు రేకులు 6, జె-హుక్కులు వాషర్లతో 80, వాసాలు 4, మేస్త్రి 2 రోజులు, కూలీలు నలుగురు 2 రోజులు, రవాణా, పాత ముక్కల ఎత్తివేత. ఒక్కోదాని పక్కన రేటు. రేకుల రేటుకు తెనాలిలోనో, బాపట్లలోనో దుకాణంవారి కొటేషను జతచేయండి. శిథిలాలు తొలగించే ఖర్చు కూడా భారత్ గృహ రక్షలో క్లెయిము సొమ్ములో 2 శాతం వరకు వస్తుంది.

సర్వేయరు వచ్చినప్పుడు

సర్వేయరు కంపెనీ ఉద్యోగి కాడు. లైసెన్సు ఉన్న వేరే మనిషి. అయినా కంపెనీ పంపగా వచ్చినవాడే. పేరు, లైసెన్సు నంబరు, ఫోన్ నంబరు అడిగి రాసుకోండి. మర్యాదగా అడిగితే తప్పేమీ లేదు. ఆ సమయానికి మేస్త్రిని ఇంట్లో ఉండమనండి. రేకుల కుప్ప చూపించి ఆయన చేతనే లెక్కపెట్టించండి. కొలతలు ఎదురుగా ఉండి తీయించండి. చిన్న నష్టాలకు సర్వేయరు రాకుండానే ఫొటోలు, బిల్లుల మీద తేల్చే పద్ధతి కూడా ఉంది. కంపెనీ అలా అడిగితే కంగారు పడవద్దు.

సర్వేయరు ముఖ్యంగా చూసేది ఒక్కటే: ఈ నష్టం గాలికి జరిగిందా, ఇల్లు పాతబడి జరిగిందా? గాలికి కప్పు లేచి, ఆ సందులోంచి వాన పడి సామాను తడిస్తే అది తుపాను నష్టం. నాలుగేళ్ళుగా కారుతున్న కప్పు ఈసారి ఎక్కువ కారితే అది కాదు. పుచ్చిన వాసం, తుప్పు తిన్న హుక్కు చూపి 'ఇది మీ నిర్లక్ష్యం' అనే వీలు ఉంది. అందుకే ఏటా వేసవిలో కప్పు చూసుకోండి. పగిలిన పెంకు మార్చండి, వదులైన హుక్కు బిగించండి, ఆ బిల్లు దాచండి. నష్టానికి ముందు తీసిన ఫొటో ఒకటి ఉంటే వంద మాటల పెట్టు. ఇంట్లో పెళ్ళికో, పండగకో తీసిన ఫొటోలో కప్పు బాగున్నట్టు కనబడినా పనికి వస్తుంది.

లేనిది చెప్పవద్దు. పది రేకులు పోతే ఇరవై అని రాయించే సలహాలు ఇచ్చేవారు ఉంటారు. అబద్ధం ఒక్కటి బయటపడితే మొత్తం క్లెయిమునే కొట్టేసే హక్కు కంపెనీకి ఉంది. 'నాకింత ఇస్తే డబ్బు ఇప్పిస్తా' అనే మధ్యవర్తిని గడప తొక్కనివ్వవద్దు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

ఎన్ని రోజుల్లో డబ్బు రావాలి?

ఐఆర్‌డీఏఐ 2024లో గడువులు కుదించింది. క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. పెద్ద తుపాను తరువాత వేల క్లెయిములు ఒకేసారి పడితే ఆలస్యం కావచ్చు. అయినా గడువు గడువే. సర్వేయరు నివేదిక నకలు అడిగి తీసుకోండి. ఎక్కడ ఎంత కోశారో అందులోనే తెలుస్తుంది.

ఇంటి మీద అప్పు ఉంటే, పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది. అప్పుడు సొమ్ము నేరుగా బ్యాంకుకే వెళ్ళవచ్చు. మరమ్మతుకు ఆ డబ్బు వదలమని మేనేజరుకు ముందే రాసి ఇవ్వండి. లేకపోతే అప్పులో జమ చేసుకుంటారు, మీ ఇల్లు మాత్రం టార్పాలిన్ కిందే ఉంటుంది.

సొమ్ము ఇచ్చే ముందు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. 'ఇంతటితో నా క్లెయిము పూర్తిగా తీరినది' అని ఉంటుంది. చదివి, లెక్క సరిపోతేనే సంతకం చేయండి. తక్కువ అనిపిస్తే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం చేసి, కాపీ ఉంచుకోండి.

కాదన్నారా? అక్కడితో ఆగవద్దు

కుదరదని నోటితో చెబితే ఒప్పుకోవద్దు. కారణం కాగితం మీద రాసి ఇమ్మనండి. పాలసీలో ఏ షరతు ప్రకారం కాదంటున్నారో అందులో ఉండాలి.

మొదటి మెట్టు కంపెనీలోని ఫిర్యాదుల అధికారి. అక్కడ కదలిక లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి 'బీమా భరోసా'కు 155255 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

రెండో మెట్టు బీమా అంబుడ్స్‌మన్. మన రాష్ట్రానికి, తెలంగాణకు, యానాంకు కలిపి కార్యాలయం హైదరాబాదులో ఉంది. కంపెనీకి ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు గడిచినా జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు అక్కడికి రాయాలి. 50 లక్షల రూపాయల వరకు క్లెయిములు చూస్తారు. ఫీజు లేదు, ప్లీడరు అక్కరలేదు. తెల్లకాగితం మీద రాసి పోస్టులో పంపినా తీసుకుంటారు. అంబుడ్స్‌మన్ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. మీకు నచ్చకపోతే మీరు పైకి వెళ్ళవచ్చు.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదును తీసుకోరు. అందుకని ముందు ఖర్చులేని దారి చూసి, తరువాత ఇక్కడికి రావడం మేలు.

సర్కారు సాయం వేరు

బీమా ఉన్నా లేకపోయినా ప్రభుత్వ సాయానికి పేరు రాయించుకోండి. ఒకటి తీసుకుంటే రెండోది పోదు. కేంద్రం 2022-23 నుంచి 2025-26 వరకు నిర్ణయించిన విపత్తు సాయం లెక్కల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇంటికి ఆనుకుని ఉన్న గొడ్ల పాకకు 3,000. ఆ తరువాతి కాలానికి లెక్క ఎంతో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఈ అంకెలు చూస్తేనే అర్థమవుతుంది. పద్నాలుగు రేకులు పోయిన ఇంటికి 6,500 రూపాయలు ఏ మూలకు? ఇంటి బీమా అవసరం ఇక్కడే.

నష్టాల జాబితా రాయడానికి వచ్చినప్పుడు మీరు పొలంలో ఉన్నా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. జాబితా సచివాలయంలో అతికించాక మీ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వెంటనే తాసిల్దారుకు అర్జీ ఇవ్వండి. అక్కడ కాకపోతే కలెక్టరు కార్యాలయంలో సోమవారం గ్రీవెన్సులో చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక బాపట్ల, రేపల్లె వారు బాపట్లకు, తెనాలి వారు గుంటూరుకు వెళ్ళాలి. వీఆర్వో రాసిన జాబితాలో మీ ఇంటి నష్టం ఎంత ఉందో, కంపెనీకి మీరు రాసినదీ అదే ఉండాలి. రెండు చోట్ల రెండు మాటలు ఉంటే రెండూ చెడతాయి.

గోడకు అతికించుకోవలసిన ఆరు మాటలు

- పాలసీ నకలు, కంపెనీ ఫోన్ నంబరు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎత్తున ఉంచండి. ఒక నకలు ఊరవతల ఉన్న బంధువు దగ్గర ఉంచండి.
- వేసవిలో కప్పు బాగుచేసి ఫొటో తీసి ఉంచండి.
- గాలివాన తరువాత ఏదీ కదపక ముందే ఫొటోలు తీయండి.
- అదే రోజు ఫోన్, మర్నాడు ముద్ర వేయించుకున్న ఉత్తరం.
- సర్వేయరు చూసేదాకా విరిగిన రేకు పారేయవద్దు.
- కాదంటే కాగితం మీద రాయించుకోండి.

రేపల్లె రైతును మొన్న మళ్ళీ కలిశాం. ఇప్పుడు పాలసీ కాగితం బీరువాలో ఉంది. కప్పు నాలుగు వైపులా ఫొటోలు కూతురి ఫోనులో ఉన్నాయి. “అప్పుడు పనల కోసం పొలానికి పరిగెత్తానండీ. తప్పని కాదు. కానీ ఇంట్లోవాళ్ళకు ఒక్క ఫొటో తీసి ఉంచమని చెప్పి వెళ్ళాల్సింది” అన్నాడు. ఆ మాట ఈ రాత్రి మీ ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చెప్పండి. గాలి వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉంటారో, పొలంలో ఉంటారో ఎవరికి తెలుసు?